మీటరు మామయ్య మార్చిన బల్బు

కరెంటాఫీసులో మీటరు రీడింగులు తీసి రిటైరైన పెద్దమనిషిని వీధి వీధంతా మీటరు మామయ్య అంటుంది. ఉద్యోగం ఆయన్ని వదిలిందే గాని, ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఎవరైనా లైటు ఆర్పకుండా గదిలోంచి వస్తే ఆయనకు గుండె కలుక్కుమంటుంది.

అలాంటి మనిషికి తక్కువ కరెంటు తాగే బల్బులు దొరికాక ఇక పట్టపగ్గాల్లేవు. స్నానాల గది మొదలుకొని, అత్తయ్య కుట్టుమిషన్ మీదికి మెడ వంచుకుని ఉండే దీపం దాకా ఒక్క పూటలో అన్నీ మార్చేశాడు. పాత బల్బుల్ని అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించాడు. "మీటరు ఎలా నెమ్మదిస్తుందో నెలాఖరుకు వచ్చి చూడండి" అని ఇరుగుపొరుగును పిలిచాడు కూడా.

మీటరు ఆయన మాట వినలేదు. చలి ముదిరేకొద్దీ దాని చక్రం ఇంకా జోరందుకుంది. పక్కింటివాళ్ళు తీగ తగిలించారేమోనని మామయ్య గోడ చుట్టూ తిరిగాడు. పాపం ఫ్రిజ్‌నూ అనుమానించాడు. నెలాఖరు పొద్దున, పొరుగువాళ్ళు రాకముందే, లైట్లన్నీ ఆర్పి మీటరు ముందు నిలబడ్డాడు. చక్రం గిర్రున తిరుగుతూనే ఉంది. వీధిలో పరువు పోయేలా ఉంది.

కుట్టుగదిలోకి వెళ్తే అత్తయ్య ఉలిక్కిపడింది. మిషన్ కింద, ఆమె కాళ్ళ దగ్గర, ఎర్రగా కాగుతూ ఓ హీటరు!

"ఇదెప్పుడు కొన్నావే?"

"మీరు బల్బు మార్చిన వారానికి. ఆ పాత బల్బు దగ్గర వేళ్ళు కాచుకుంటూ కాజాలు కుట్టేదాన్ని. ఈ కొత్తది వెలుగైతే ఇస్తోంది గాని, వేడేదండీ? వేళ్ళు కొయ్యబారి సూది పట్టు దొరకట్లేదు. రెండు చొక్కాలు చెడగొట్టాను. ఇలా అయితే నా దగ్గర ఎవరు కుట్టించుకుంటారు?"

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నా. మీరేమో చిన్నపిల్లాడిలా సంబరపడిపోతున్నారు. నోరు రాలేదు."

మామయ్య ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. కాళ్ళ దగ్గర అంత హీటరున్నా వేళ్ళు చల్లగానే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ సంగతి తనకు తట్టనందుకు ఆయనకు నిజంగా సిగ్గేసింది.

పొరుగువాళ్ళు వచ్చి, హాల్లో లైటు వేసుకుని నిలబడేసరికి మామయ్య అటక నిచ్చెన మీద ఉన్నాడు, చంకలో అట్టపెట్టెతో.

"ఎంత మిగిలింది మామయ్యా?"

"మిగల్లేదర్రా, పెరిగింది. బల్బులు మంచివే, మీరూ మార్చుకోండి. కాకపోతే పాతది తీసేముందు దాని కింద ఎవరు కూర్చుంటున్నారో వాళ్ళని ఓ మాట అడగండి. నేను అడగలేదు."

అని కిందికి దిగి, పాత బల్బొకటి చేత్తో పట్టుకుని, వాళ్ళు నిలబడ్డ హాల్లో లైటు ఆర్పేసి, కుట్టుగదిలోకి వెళ్ళాడు.