అక్కర్లేని ఎనిమిది కోతులు

చాలా ఏళ్లుగా నాలో ఒక బరువుంది. మా ఆవిడకి చెప్పలేదు. తోటి ఉద్యోగులకి చెప్పలేదు. గుడిలో నిలబడి దేవుడికి కూడా చెప్పుకోలేదు, ఎందుకంటే ఆ దేవుడి ముఖం చూసినప్పుడే అది మరీ ఎక్కువగా గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నా లెక్క తప్పడం వల్ల ఎనిమిది కోతులు చనిపోయాయి. లెక్క తప్పని తెలిశాక కూడా నేను నోరు విప్పకపోవడం వల్ల చనిపోయాయి. ఈ రెండు వాక్యాల్లో రెండోదే నిజం. మొదటిది రాస్తే కాస్త తేలిగ్గా ఉంటుందని ముందు అది రాశాను.

నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. మాది చల్లపల్లి దగ్గర ఒక పల్లెటూరు. కొన్నాళ్లు రైసుమిల్లులో గుమాస్తాగా చేశాను. విజయవాడ వచ్చాక లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనుక్కుని, అర్థం కాని పేజీని పదిసార్లు చదివి, గణాంకశాస్త్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఊరి శివార్లలో మందుల మీద పరిశోధన చేసే ఒక ప్రైవేటు సంస్థలో స్టోర్సులో చేరాను. అక్కడివాళ్ల లెక్కల్లో తప్పులు చూపిస్తూ చూపిస్తూ చివరికి ఆ లెక్కల కుర్చీలోనే కూర్చున్నాను. నా చుట్టూ ఉన్నవాళ్లందరి పేర్ల పక్కనా డిగ్రీలుండేవి. నా పేరు పక్కన ఏమీ లేదు. ఈ సంగతి నేను ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. మీరూ మర్చిపోకండి, ముందుముందు ఇదే కారణమవుతుంది.

మనుషులకి ఇవ్వబోయే మందును ముందు జంతువులకి ఇచ్చి చూస్తారు. ఎలుకలతో తేలకపోతే కొన్ని మందులకి కోతుల దాకా వెళ్తారు. మందు ఇస్తారు, రక్తం తీస్తారు, చివరికి వాటిని చంపి లోపల కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూస్తారు. ఎన్ని కోతులు కావాలి? తక్కువైతే ఫలితం తేలదు, చచ్చినవన్నీ వృథా. ఎక్కువైతే ఆ ఎక్కువైనవి వృథా. సరైన అంకె చెప్పడం నా పని. ఆ భవనంలో కోతుల పక్షాన ఉన్నది నా లెక్క ఒక్కటే అని నేను లోలోపల గర్వపడేవాణ్ణి. నేను పుట్టిన దగ్గర్నుంచీ ఆంజనేయస్వామి భక్తుణ్ణి. ఇలాంటి చోట ఎలా పనిచేస్తున్నావని నన్ను నేను అడిగినప్పుడల్లా ఈ జవాబే చెప్పుకునేవాణ్ణి: నేనుండబట్టే కదా పన్నెండుతో సరిపోతోంది, ఇంకొకడైతే పాతిక అనేవాడు.

ఆ ఏడాది కాలేయానికి పనికొచ్చే ఒక మందు వచ్చింది. పన్నెండు కోతులు చాలన్నాను. రోజుకు నాలుగు చొప్పున సోమ, బుధ, గురువారాల్లో మందు ఇవ్వాలి. సరిగ్గా మర్నాడు ఆ సమయానికే రక్తం తీసి, మందు ఎంత మిగిలిందో చూడాలి. పట్టిక నేనే వేశాను.

కోతుల్ని చూసుకునే సాంబయ్య ఆ పట్టిక చూసి తల అడ్డంగా ఊపాడు. ముప్పై ఏళ్లుగా జంతువుల మధ్య బతికినవాడు. "మంగళవారం కోతి ఒంటి మీద సూది పెట్టనండి బాబూ. కావాలంటే ఆ రోజు నాకు పెట్టండి, నాలుగు పెట్టినా కదలను" అన్నాడు.

నవ్వాను. కానీ నాకూ మనసులో అదే ఉంది. మంగళవారం స్వామి రోజని నేను ఒంటిపూట ఉంటాను. ఆ రోజు ఆ గదిలో రక్తం తీయడం నాకూ ఇష్టం లేదు. సోమవారం మందు వేసిన నాలుగింటికీ బుధవారం తీద్దామన్నాను. పట్టికలో ఆ గడి పేరు మాత్రం 'మర్నాటి నమూనా' అనే ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయం అనిపించలేదు. అసలు సోమవారం మందు ఇవ్వడమే మానేసి పై వారం బుధవారానికి మార్చి ఉంటే? గురువారం రక్తం తీస్తే సరిపోయేది. అంత చిన్న సంగతి ఆ రోజు నాకు తట్టలేదు. ఇన్నేళ్లలో ఈ ఒక్క ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో.

ఫలితాలొచ్చాయి. కొన్నింటి రక్తంలో మందు బాగా ఉంది, కొన్నింటిలో దాదాపు లేదు. అంకెలు చెల్లాచెదురుగా ఉన్నాయి. మందు ఒక్కో కోతిలో ఒక్కోలా పనిచేస్తోందనుకున్నాను. అంకెలు చెదిరితే ఎక్కువ జంతువులు కావాలి, అది సూత్రం. సూత్రం ప్రకారం వేస్తే ఇంకో ఎనిమిది అని వచ్చింది. అంతే రాసిచ్చాను.

రెండ్రోజుల తర్వాత రామవరప్పాడు రింగు దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు ఏదో లారీ అడ్డం తిరిగింది. కిటికీ పక్కన కూర్చుని, ఆ తక్కువ వచ్చిన నాలుగు అంకెల్నీ ఊరికే మనసులో తిప్పుతున్నాను. నాకది అలవాటు. అవి ఏ కోతులవి? వాటికి మందు ఎప్పుడిచ్చాం? అన్నీ సోమవారానివే. ఒక్కటి కూడా బయటిది లేదు. వాటి రక్తం ఒకరోజు ఆలస్యంగా తీశాం. ఆ ఒక్క రోజులో మందు ఒంట్లోంచి వెళ్లిపోయింది. కోతుల్లో తేడా లేదు, మందులో తేడా లేదు. తేడా ఉన్నది మా మంగళవారంలో. ఆ నాలుగింటినీ పక్కనపెట్టి మిగతా ఎనిమిదింటితో బస్సులోనే లెక్క వేశాను. అంకెలు దగ్గర దగ్గరగా కూర్చున్నాయి. ఫలితం అప్పటికే తేలిపోయింది. ఇంకొక్క కోతి కూడా అక్కర్లేదు.

అప్పుడు నాకు కలగవలసింది సంతోషం కదా. కలగలేదు. భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరుగారు నా గదికి వచ్చారు. ఆవిడ పశువైద్యురాలు, కోతుల విభాగం ఆవిడదే. మాది ఒకటే వయసు. గుమ్మంలోనే నిలబడ్డారు, చేతిలో కాగితం.

"ఏవండీ లెక్కల మాస్టారూ, ఎనిమిదన్నారు. ఏడు కుదరదా? పోనీ ఆరు?"

"బేరమాడుతున్నారా మేడం?"

"కూరగాయల దగ్గర ఆడనండీ. మా ఇంట్లో తిట్లు కూడా తింటాను, అడిగినంతా ఇచ్చొస్తానని. వీటి దగ్గరే ఆడతాను."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నేను సంతకం పెడితే రేపు లారీ బయల్దేరుతుంది. మీరొద్దంటే పెట్టను. నాకు ఈ లెక్కలు తెలియవు, మీరే చెప్పాలి. ఎనిమిదీ కావాలా?"

"లెక్కలో అంతే వచ్చింది మేడం."

"ఖాయమేనా?"

"ఖాయమేనండీ."

ఆవిడ నా బల్ల మీదే కాగితం పెట్టి, నా పెన్నే తీసుకుని సంతకం చేశారు.

ఎందుకు చెప్పలేదు? చెబితే సాంబయ్య ఉద్యోగం పోతుందని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. డాక్టరుగారు సాంబయ్యని ఏమీ అనేవారు కాదు; ఆ పట్టిక వేసింది నేనని అందరికీ తెలుసు. అసలు భయం వేరు. డిగ్రీ లేనివాణ్ణి కూర్చోబెడితే ఇంతే అంటారని. మంగళవారం చూసుకుని ప్రయోగం చేశాడట అని భోజనాల దగ్గర నవ్వుకుంటారని. ఆ నవ్వు ఒకవైపు, ఎనిమిది ప్రాణాలు ఒకవైపు. తూచాను. నవ్వే బరువుగా తోచింది. నేను చేసింది ఇది. ఇంతకంటే గౌరవంగా చెప్పడానికి మాటలు వెతికాను, దొరకలేదు.

ఎనిమిదీ వచ్చాయి. పెంపకం కేంద్రం నుంచి, రెండు రోజుల ప్రయాణం చేసి. అప్పటిదాకా నేను ఆ గదులవైపు ఎక్కువ వెళ్లేవాణ్ణి కాదు. అంకె చెప్పేవాడికి చూడాల్సిన పనేముంది? ఈసారి వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలియదు. ఒక ఆడకోతి ఊచల్లోంచి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. భయపడి లాక్కోబోయాను.

"ఉండండి బాబూ, పేలు చూస్తోంది. మీరు నచ్చారు దానికి" అన్నాడు సాంబయ్య.

అది నా చేతి మీది వెంట్రుకల్ని ఒక్కొక్కటే పక్కకు తీసి చూసింది. ఎంత శ్రద్ధగా చూసిందో చెప్పలేను. ఏమీ దొరకలేదు. అయినా చివరిదాకా చూసి, అప్పుడు వదిలింది. అప్పటికి వాటికింకా మందు ఇవ్వలేదు. ఆపి వెనక్కి పంపించడానికి సమయం ఉంది. డాక్టరుగారి గది ఆ వసారా చివరే. నేను చెయ్యి కడుక్కుని నా గదికి వచ్చేశాను.

కొత్త పట్టికలో సోమవారం తీసేశాను. ఎవరూ గమనించలేదు. ఈసారి అంకెలు చక్కగా వచ్చాయి. వస్తాయని నాకు ముందే తెలుసు. ఎనిమిదీ పోయాక జరిగిన సమావేశంలో, మాస్టారు చెప్పినట్టు ఎనిమిది పెంచగానే ఎంత బాగా కుదిరిందో చూశారా అని డాక్టరుగారే అందరిముందూ మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను.

ఆ మందు చివరికి బజారుకి రాలేదు. మందు పంపిన కంపెనీవాళ్లు వాళ్ల కారణాలేవో చూసుకుని దాన్ని వదిలేశారు. వచ్చి, నలుగురికి ప్రాణం పోసి ఉంటే నా తప్పు తగ్గేదా? తగ్గదు. ఆ ఎనిమిది లేకపోయినా అది వచ్చేదే కదా.

ఒకసారి డాక్టరుగారు మాటల్లో చింపాంజీల గురించి చెప్పారు. విదేశాల్లో ఎన్నో ఏళ్లు వాటి మీద ప్రయోగాలు చేశారట. తర్వాత చాలాచోట్ల మానేసి, మిగిలినవాటిని చెట్లూ నీడా ఉన్న చోట్లకు పంపేశారట. అవి మనకు మరీ దగ్గరివట, అద్దంలో తమను తాము గుర్తుపడతాయట. "మనవాటికి అద్దంలో అది తనే అని అంత సులువుగా తెలియదు మాస్టారూ, అదీ వీటి పాపం" అన్నారావిడ. ఆ మాట నన్ను వదల్లేదు. మనకి ఎంత దగ్గరైతే వదిలెయ్యాలి? ఎంత దూరమైతే కొయ్యచ్చు? ఆ గీత ఎక్కడ గీశారు? అంకెల మనిషిని కదా, ఎక్కడో ఒకచోట ఒక లెక్క ఉంటుందనుకున్నాను. ఎంత వెతికినా, మనకి వీలైన చోట గీసిన గీతే కనిపించింది. అలాగని ప్రయోగాలన్నీ తప్పని చెప్పగల అర్హత నాకు లేదు. నేను రోజూ పొద్దున వేసుకునే బీపీ మాత్ర వెనక ఎన్ని జంతువులున్నాయో నాకు తెలుసు. వేసుకుంటూనే ఉన్నాను. మొదటి పన్నెండు కోతులూ చావడం న్యాయమా అంటే నాకు తెలియదు. తర్వాతి ఎనిమిది గురించి మాత్రం నాకు అనుమానం లేదు. సందేహమన్నది లేకపోవడం ఎంత నరకమో అప్పుడే తెలిసింది.

నిరుడు మా ఊరు వెళ్లినప్పుడు కరెంటు తీగలు తగిలి ఒక కోతి చచ్చిపోయింది. తోటల్లోకి వస్తే టపాకాయలు పేల్చి తరిమేవాళ్లే, అది చచ్చిపోగానే చందాలు వేసుకున్నారు. పాడె కట్టి, కొత్త గుడ్డ కప్పి, పసుపూ కుంకుమా చల్లారు. మా ఊళ్లో ఎప్పుడూ అంతే. డప్పులు మోగుతుండగా మా బావమరిది నన్ను ముందుకు తోశాడు.

"రా బావా, నువ్వు మంగళవారాలు ఉండే మనిషివి. నీకంటే అర్హుడెవడు? ఒక కొమ్ము పట్టు."

పట్టాను. కాలవ గట్టు దాకా మోశాను. దారి పొడుగునా ఆడవాళ్లు ఇళ్లలోంచి వచ్చి దండం పెట్టారు. ఆ దండాల్లో కొన్ని నాకు కూడా తగిలాయి. మా ప్రయోగాల్లో పోయినవాటికి ఏ పాడే లేదు. సంచుల్లో కట్టి బట్టీలో కాల్చేస్తారు. గొయ్యి పూడ్చాక అందరూ స్నానాలకి వెళ్లారు. నేను అక్కడే కూర్చున్నాను. ఏడుద్దామనుకున్నాను. రాలేదు. ఏడవడానికి కూడా ఏదో హక్కుండాలేమో.

డాక్టరుగారు ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నారు. ప్రతి ఉగాదికీ 'లెక్కల మాస్టారికి శుభాకాంక్షలు' అని ఫోన్‌లో మెసేజ్ పెడతారు. నేను తిరిగి పెడతాను. అసలు సంగతి ఆవిడకి చెప్పాలా? చెబితే నా బరువు సగం ఆవిడ మీద పడుతుంది, సంతకం ఆవిడది కనక. చెప్పకపోతే ఆవిడ ఒక అబద్ధాన్ని మెచ్చుకుంటూ బతుకుతారు. ఆవిడ మీద దయతో ఊరుకుంటున్నానా, ఆ రోజటి పిరికితనమే ఇంకా నడుస్తోందా? నాలో ఈ రెండూ వేరుచెయ్యలేనంతగా కలిసిపోయాయి. నేను వేయలేని లెక్క ఇదొక్కటే.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో, అవి లేవు. ఆ పొద్దున గుమ్మంలో నిలబడి ఆవిడ అడిగినప్పుడు చెప్పవలసిన జవాబు ఇన్నేళ్లూ నా గొంతులో ఉండిపోయింది. ఎవరో ఒకరి ముందు అది బయటికి రావాలి.

అక్కర్లేదు మేడం. ఒక్కటి కూడా అక్కర్లేదు.

రాశాక ఛాతీలో ఏదో కొంచెం సడలింది. సడలినందుకు కూడా సిగ్గుగానే ఉంది.