చీరచెంగు రసీదు

అరవైలలో, అనకాపల్లిలో మా వీధిలో, పిల్లల్ని ఏడిపించకుండా పెంచుతుందని మా నాయనమ్మకు పెద్ద పేరు. ఆవిడ పద్ధతి చాలా తేలిక. ఎవరైనా ఊరెళ్తుంటే పిల్లని పెరట్లోకి తీసుకుపోయి దూడను చూపించడం.

నాకు అయిదేళ్ళప్పుడు అలాగే చూపించింది. దూడతో ఆడి ఇంట్లోకి వచ్చేసరికి అమ్మ లేదు, అమ్మ ట్రంకుపెట్టె లేదు. రెండో కానుపుకి మాడుగుల పుట్టింటికి వెళ్ళిందట. గడప దాటేటప్పుడు "వెళ్ళొస్తాను" అనాలి, "వెళ్తాను" అనకూడదు అని నాకు నేర్పింది అమ్మే. తను మాత్రం ఏదీ అనలేదు.

నేను ఏడవలేదు. నాయనమ్మ పేరు నిలబెట్టాను. కానీ ఆ రోజు నుంచి నాయనమ్మ పక్కన లేకుండా గడప దాటడం మానేశాను. నేను పెరట్లోకి వెళ్తేనే అమ్మ పోయింది. ఇక బడికి వెళ్తే నాయనమ్మ కూడా పోతుంది. నాన్న పొద్దున్నే బెల్లం మార్కెట్టుకి పోయి చీకటిపడ్డాక వచ్చేవాడు కనుక ఆయన నాకు లెక్కలో లేడు. నాయనమ్మ స్నానానికి వెళ్తే తడిక బయట కూచుని "ఉన్నావా?" అని అడుగుతూ ఉండేదాన్ని. "ఉన్నానే, సచ్చిపోనేదు," అనేది.

బడికి రానివాళ్ళ కోసం మేష్టారు నలుగురు పెద్ద పిల్లల్ని పంపేవారు. ఇద్దరు కాళ్ళు, ఇద్దరు చేతులు పట్టుకుని మోసుకుపోవడం ఆ రోజుల్లో మామూలే. నన్నూ మోశారు. రెండోరోజు ఒకణ్ణి కరిచాను. మూడోరోజు ఎవరూ రాలేదు.

ఎదురింటి అరుగు మీద మిషను కుట్టే సాయిబు తాత దగ్గర నాయనమ్మ మొరపెట్టుకుంది. "ఓలమ్మ, ఈ గుంటతో ఏగనేకపోతన్నాను. దెయ్యం పట్టిందేటో!" నేను పక్కనే ఆవిడ చెంగు పట్టుకుని ఉన్నాను.

తాత మిషను ఆపాడు. "ఏటమ్మా, నీ బయమేటి?" అని నన్నడిగాడు. అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. "నేనెళ్తే నాయినమ్మ ఎళ్ళిపోద్ది," అన్నాను.

తాతకు ఒక అలవాటు. ఎవరు బట్ట కుట్టడానికి ఇచ్చినా అందులోంచి వేలెడు ముక్క కత్తిరించి వాళ్ళ చేతిలో పెట్టేవాడు. అదే రసీదు. ముక్క తెస్తేనే బట్ట.

"పెద్దమ్మా, సెంగు ఇలా ఇయ్యి," అన్నాడు. "ఓరి సాయిబూ, ఏటి సేత్తన్నావు!" అని ఆవిడ అనేలోగా చెంగు చివర వేలెడంత కత్తిరించి నా గుప్పిట్లో పెట్టేశాడు. "రసీదు నీ దగ్గరుంటే సరుకు ఎక్కడికీ పోదు. సాయంత్రం వచ్చి ముక్క కలిపి సూసుకో."

సరుకు నోరు తెరుచుకుని చూస్తోంది.

మర్నాడు గడప మీద నిలబడి "వెళ్ళొస్తాను" అని చెప్పి బడికి వెళ్ళాను. సాయంత్రం ముక్కని చెంగుకి ఆనించి చూశాను. సరిపోయింది. రోజూ సరిపోయేది. నేను కరిచినవాడు మాత్రం నా పక్కన కూచోలేదు.

అయిదు నెలలకు అమ్మ వచ్చింది. చంకలో తమ్ముడు, చేతిలో హల్వా పొట్లం. "నా తల్లే, ఇలా రా," అంది. నేను వెళ్ళలేదు. ఎదురింటికి పోయి కత్తెర అడిగాను. చిన్నపిల్ల చేతికి ఇవ్వకూడదని తాత తనే పట్టుకుని నా వెనకాల వచ్చాడు.

సంగతి విని అమ్మ నవ్వబోయింది. నాయనమ్మ నవ్వలేదు. తెగిన తన చెంగు చూపించి, "కొయ్యనియ్యే. తప్పు మనదే," అంది. ఆవిడ తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

అమ్మ చాప మీద కూచుని చెంగు చాపింది.

"ఎంత కొయ్యమంటావు?" అని తాత నన్నడిగాడు.

నేను జాన పెట్టి చూపించాను. అమ్మ విషయంలో వేలెడు సరిపోతుందని నాకు నమ్మకం లేదు.

అమ్మ ఆ జాన వంక చూసి, నన్ను లాక్కుని ఏడ్చింది. అప్పుడు నేనూ ఏడ్చాను. అయిదు నెలలదీ కలిపి వీధంతా వినేలా ఏడ్చాను. నాయనమ్మ నన్ను దూడ దగ్గరకు తీసుకుపోలేదు.