లీడర్ గారు తలతో కొట్టిన గోల్

ఈ రోజు వనపర్తిలో మా పాత ఫుట్‌బాల్ క్లబ్ ఆటగాళ్లకు సన్మానం చేశారు. ముఖ్య అతిథి ఒకప్పటి మా డిఫెండర్ నర్సింలు. ఇప్పుడు లీడర్ కదా, మైకు అతనికి. గోల్‌కీపర్‌నైన నాకు వెనక వరసలో కుర్చీ.

"గద్వాలోళ్లతోని ఫైనల్. ఆఖరి నిమిషంల తలతోని కొట్టిన గోల్! గ్రౌండంత ఎగిరి దుంకింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. తలతోనే కొట్టాడు. గ్రౌండంతా ఎగిరింది కూడా, ఎందుకంటే ఆ గ్రౌండు గద్వాలలోనిది, బంతి పడ్డ గోల్ మాది. తాడు కట్టిన ఆ రెండు గుంజల మధ్య నిలబడ్డవాణ్ని నేనే. కప్పు వాళ్లకు పోయింది. తిరుగు బస్సులో మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నాకు శాలువా కప్పుతుంటే మెల్లగా అడిగాను. "నర్సింలూ, గా బాల్ మన గోల్లనే పడ్డది గదరా?"

కెమెరా వైపు నవ్వుతూనే నా చెవిలో అన్నాడు. "నువ్వు సక్కగ పట్టుకుంటె పడుతుండెనారా?"

దండం పెట్టాను.

మీ టీంలో సొంత గోల్‌లోకి కొట్టినవాడు ఇప్పుడు ఏ పదవిలో ఉన్నాడో కింద రాయండి.