మేడమ్ గారింటికి బియ్యం మూట

ఆ రోజుల్లో సర్కారు అనేది మూతపడే వస్తువు కాదని నా గట్టి నమ్మకం. కల్లు దుకాణం మూతపడటం చూశాను, బీడీల కార్ఖానా మూతపడటం చూశాను, నేను చదివిన జూనియర్ కాలేజీ నేను ఫెయిలైన మరుసటి ఏడాదే మూతపడింది (రెండింటికీ సంబంధం లేదని మా ప్రిన్సిపాల్ చాలామందికి చెప్పుకోవాల్సి వచ్చింది). కానీ సర్కారుకు తాళం పడటం మాత్రం ఎన్నడూ వినలేదు. మా ఊరి వార్డు మెంబర్లు ఒకసారి సర్పంచి మీద అలిగి, మీటింగుకు రాకుండా ఎదురుగా హోటల్లో కూర్చుని చాయ్ తాగారు. కోరం లేక వీధి దీపాల తీర్మానం ఆగిపోయి ఊరంతా మూడు నెలలు టార్చిలైట్లతో తిరిగింది. అయినా పంచాయతీ కారోబారు రోజూ వచ్చి తలుపు తీసి, కుర్చీలు తుడిచి, పేపరు చదువుకుని, మళ్ళీ తాళం వేసుకుని పోయేవాడు. ఆయన జీతం ఆగలేదు. సర్కారంటే అదీ అనుకునేవాణ్ణి. ఇంత లోకజ్ఞానంతో ఖతర్ వచ్చాను.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, దిగి నాలుగు నెలలైంది. మా కంపెనీ గోడలు కట్టే మేస్త్రీల దగ్గర్నుంచి కార్లు నడిపే డ్రైవర్ల దాకా అందరినీ కాంట్రాక్టుల మీద పంపేది. నన్ను ఒక తెల్ల కారుతో సహా అల్ తుమామాలో ఉండే అమెరికా మేడమ్‌కు అప్పగించారు. ఆమె అమెరికా సర్కారు ఉద్యోగి. ఏం పని చేస్తారని అడిగితే కాగితాల పని, సంతకాల పని అని చెప్పి నవ్వేవారు. యాభై దాటిన మనిషి, బాగా పొడుగు, ఒక ముసలి కుక్కతో ఒంటరిగా ఉండేవారు. మొదటిరోజు నేను వెనక తలుపు తీసి అటెన్షన్లో నిలబడితే, ఆమె వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ఖాళీ సీటుకు తలుపు పట్టుకుని నేను కాసేపు అలాగే నిలబడ్డాను. ఆ మేడమ్ దగ్గర నా అయోమయం అక్కడ మొదలైంది.

డిసెంబరు చివర్లో ఒక పొద్దున, ముషైరిబ్ దగ్గర సిగ్నల్లో ఆగి ఉండగా, మా ప్రభుత్వం మూతపడింది అన్నారామె, కుక్కకు జలుబు చేసింది అన్నంత మామూలుగా. నేను వెంటనే ఇండికేటర్ వేసి, ఇంటికి తిప్పమంటారా అని అడిగాను. కాదు, ఆఫీసుకే అన్నారు. మూతపడిన ఆఫీసుకు పోయి ఏం చేస్తారని అడిగే ధైర్యం నాకు లేకపోయినా, నా ముఖం చూసి ఆమే చెప్పుకొచ్చారు. వాళ్ళ పార్లమెంటులో రెండు పార్టీలకు పడలేదట. ఒక పార్టీ సరిహద్దులో గోడ కట్టాలంటుంది, ఇంకో పార్టీ గోడకు పైసా ఇవ్వమంటుంది. గోడ తెగక బడ్జెట్ ఆగింది, బడ్జెట్ ఆగి సర్కారు ఆగింది. అయితే అత్యవసరమైన మనుషులు మాత్రం జీతం లేకుండా పనికి రావాలట. మేడమ్ అత్యవసరమట. పక్క విల్లాలో ఉండే ఆమె తోటి ఉద్యోగి అత్యవసరం కాదు కాబట్టి ఇంట్లో పడుకున్నాడట. అతనికీ జీతం లేదు. మరి ఆ కొట్లాడుకునే పార్లమెంటు మెంబర్లకో అని అడిగాను. వాళ్ళకు వస్తుంది అన్నారు. ఆ మాటతో నేను తిరగాల్సిన మలుపు దాటిపోయి, అత్యవసరమైన మేడమ్‌ను ఆఫీసుకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేర్చాను.

ఇదంతా అమెరికా వాళ్ళ గోల, నాకేమిటి అని ఊరుకునేవాణ్ణే గానీ, ఆ సాయంత్రం మా మేనేజరు పిలిచాడు. ఈ కారు కాంట్రాక్టు జనవరి ఆఖరుతో అయిపోతుంది, అక్కడ బడ్జెట్ పాసయితే కొత్త కాంట్రాక్టు, కాకపోతే మాఫీ (అరబ్బీలో ‘లేదు’ అని), కారు యార్డుకు, నువ్వు ఊరికి, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నావు కదా అన్నాడు, పాపం ప్రేమగానే. మా ఊళ్ళో గల్ఫ్ నుంచి నాలుగు నెలలకే తిరిగొచ్చిన ఒకాయనను ఇరవై ఏళ్ళయినా ‘రిటర్న్ టికెట్’ అనే పిలుస్తారు. ఆయన కొడుకును రిటర్న్ టికెట్ కొడుకు అంటారు. నా పెళ్ళి కాకముందే నా పిల్లలకు ఆ పేరు ఖాయమవుతోందని దిగులు పట్టుకుంది. అప్పటినుంచి మా ఊరి ఎన్నికల మీద కూడా పెట్టనంత ధ్యాస అమెరికా పార్లమెంటు మీద పెట్టాను. ఎంత ధ్యాస పెడితే అంత తక్కువ అర్థమైంది. ఇంతలో మా అమ్మ ఫోన్ చేసి, దుబాయ్ మూసేసిండ్రట గద బిడ్డా అని ఏడ్చింది. మూసింది అమెరికాను, నేనుండేది ఖతర్‌లో అని చెప్పాను. అట్లయితే నీకేంది బాధ అంది. దానికి జవాబు చెప్పేసరికి అమ్మ ఫోన్‌లో బ్యాలెన్స్ అయిపోయింది.

మా గదిలో పెద్ద దిక్కు మామ. జగిత్యాల వైపు మనిషి, అప్పుడు లుసైల్‌లో గోడలు కడుతున్నాడు. వెనకటికి ఆయన పనిచేసిన కంపెనీ మూతపడి లేబర్ కోర్టు చుట్టూ తిరిగినప్పటినుంచి, ఎవరికి ఏ కష్టమొచ్చినా (ఒకరికి పంటినొప్పి వచ్చినా) లేబర్ కోర్టుకు పొమ్మని సలహా ఇచ్చేవాడు కాబట్టి ఆయన పేరు లేబర్ కోర్టు మామ. ఇంకొకాయన గోదావరి వైపు మనిషి కాబట్టి గోదారన్న, బస్సు డ్రైవరు, ఫోన్‌లో వార్తలు చదివి మాకు రాజకీయాలు చెప్పేవాడు. నేను సంగతి చెప్పగానే గోదారన్న, మన దగ్గరైతే ఓటాన్ అకౌంటని ఒకటి పడేసి బండి నడిపించేస్తారు, ఇంత పెద్ద దేశానికి ఆమాత్రం తెలియదా అని ఆశ్చర్యపోయాడు. మామ మాత్రం గోడ దగ్గర ఆగిపోయాడు. ఒక్క గోడ కోసం ఇంత లొల్లా, పొడుగెంతో కనుక్కో, మా గ్యాంగుకిస్తే ఎన్ని రోజుల్లో లేపుతామో చెప్తా అన్నాడు. మర్నాడు మేడమ్‌ను అడిగితే సరిహద్దు మొత్తం దాదాపు రెండు వేల మైళ్ళన్నారు. సాయంత్రం ఆ మాట చెప్పాను. మామ చాలాసేపు వేళ్ళ మీద లెక్కపెట్టి, అయితే లొల్లి కరెక్టే అన్నాడు.

తర్వాత రెండు వారాలు గడిచాయి. గోడ తెగలేదు. ఒకరోజు మేడమ్ కారులో ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారనీ, ముఖం వాడిపోయిందనీ నేను గదిలో నోరు జారాను. మామ తింటున్న చెయ్యి ఆపాడు.

“జీతమియ్యకుంట పని చేపిచ్చుకుంటున్నరు. ఆడమనిషి, ఒక్కతే ఉన్నది. ఇంట్ల బియ్యమున్నయా లేవా, ఎవలన్న అడిగిండ్రా?” అన్నాడు.

గల్ఫ్‌లో మావాళ్ళ మధ్య ఒక ఆనవాయితీ ఉంది. ఏదైనా కంపెనీ మూతపడి జీతాలు ఆగితే, పక్క క్యాంపుల వాళ్ళు తలా కొంత వేసుకుని ఆ క్యాంపుకు బియ్యం, పప్పు, నూనె చేరవేస్తారు. ఎవరు, ఏ దేశం అని చూడరు. మామ లెక్కలో మేడమ్ కంపెనీ మూతపడింది, కాబట్టి మేడమ్‌కు బియ్యం చేరాలి. ఆమె విల్లాలో ఉంటుంది మామా, అమెరికా ఆమె మామా, కోపమొస్తే నా నౌకరి పోతది మామా అని బతిమాలాను. విల్లా తింటదా అన్నాడు మామ. గదిలో ఆరుగురం ఉన్నాం, ఐదుగురు మామ వైపు. గురువారం సాయంత్రానికల్లా ఇరవై కిలోల సోనా మసూరి, ఐదు కిలోల కందిపప్పు, నూనె డబ్బా, ఉల్లిగడ్డలు వచ్చేశాయి. చివరికి పచ్చడి దగ్గర గొడవొచ్చింది. తన ఇంటి నుంచి వచ్చిన మామిడి తొక్కు పెట్టాలని మామ, అది మేడమ్ తినలేదు, తన తల్లి పెట్టిన ఆవకాయ పెట్టాలని గోదారన్న. రెండూ ఒకటే కదా అని నేనన్నాను, ఇద్దరికీ కోపమొచ్చింది. గంట తర్వాత రెండు సీసాలూ సంచిలో పెట్టి మా గది బడ్జెట్ పాస్ చేసుకున్నాం. ఇంత తేలిక పని అమెరికాలో ఎందుకు కావట్లేదో నాకు మళ్ళీ అర్థం కాలేదు.

శుక్రవారం పది గంటలకు మేడమ్‌ను బజారుకు తీసుకుపోవడం నా డ్యూటీ. ఆ రోజు ముందు సీట్లో ఇస్త్రీ చొక్కాతో మామ, వెనక పచ్చళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని గోదారన్న, డిక్కీలో బియ్యం మూట. కంపెనీ కారులో బయటివాళ్ళను ఎక్కించడం ఒక్కటి చాలు నన్ను ఊరికి పంపడానికి. దారి పొడుగునా రిటర్న్ టికెట్ ముఖమే కళ్ళముందు కనిపించింది. మేడమ్ తలుపు తీశారు. కుక్క మొరిగింది. ఆమె వెనకాల వంటగది, అందులో రెండు ఫ్రిజ్‌లు. ఒక్కోటి మా గదిలో సగం ఉంటుంది. ఇక చచ్చాను అనుకుని మామ వైపు చూశాను. ఆయన ఫ్రిజ్‌లను చూడనే లేదు. గుమ్మంలో బూట్లు విప్పి, మూట దించి, చేతులు జోడించాడు.

“అమ్మా, నీ కంపెనీ బందయిందని మా పిలగాడు చెప్పిండు. మాది గూడ ఒకపారి బందయింది. నాలుగు నెలలు జీతం లేకుండె. అప్పుడు ఎవలో పాకిస్తానోళ్ళు పిండి, ఆలుగడ్డలు ఇచ్చిపోయిండ్రు. వాళ్ళ పేర్లు గూడ నాకు తెల్వయి. తిండి కాడ నామోషి పడొద్దు, తీస్కో.”

మేడమ్ నా వైపు చూశారు. ఆయన గుడ్ మార్నింగ్ చెబుతున్నాడు మేడమ్ అన్నాను. అంత పొడుగు గుడ్ మార్నింగా అని అడిగారు. మా భాష అంతే మేడమ్ అన్నాను. ఆమె కదలకుండా నిలబడేసరికి ఇక దాచలేక, వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం చెప్పేశాను. ఆమె మూటను చూసి, మామ సాక్సుల చిరుగులు చూసి, నాతో మెల్లగా అన్నారు. తమ జీతం ఇప్పుడు ఆగుతుందే గానీ పోదనీ, సర్కారు తెరిచాక ప్రతిసారీ మొత్తం ఇచ్చేస్తారనీ, తనకు బ్యాంకులో దాచుకున్నది ఉందనీ, ఈ బియ్యం నిజంగా అవసరమున్నవాళ్ళకు ఇవ్వమని ఆయనకు చెప్పమనీ అన్నారు. ఆయన నాలుగు నెలల జీతం తర్వాత వచ్చిందా అని కూడా అడిగారు. నేను ముందు ఆ చివరి ప్రశ్నే మామను అడిగాను.

“రాలే. మొత్తం ముట్టిందని అరబ్బీల రాసిన కాయితం మీద సంతకం వెట్టిచ్చుకున్నరు. వెడితేనే టికెట్ అన్నరు. ఇల్లు చేరితె చాలనిపిచ్చింది, వెట్టిన. అమ్మకు జెప్పు, ఆకలైనా సరే, ఏ కాయితం మీద సంతకం వెట్టొద్దను” అన్నాడు మామ.

అది మేడమ్‌కు చెప్పాను. ఆమె చెప్పమన్న మాట మాత్రం మామకు చెప్పలేకపోయాను. ఆమె జీతం మొత్తం వస్తుందనే మాట, ఆయన జీతం ఎప్పటికీ రాదని తెలిసిన ఆ గుమ్మంలో నిలబడి ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. మా జీతం వస్తుందని చెప్పావా అని మేడమ్ అడిగారు. లేదు మేడమ్ అన్నాను. నా ఉద్యోగం ఆ క్షణంలో పోయిందనే అనుకున్నాను.

“చెప్పకు” అన్నారామె.

తర్వాత వంగి, ఇరవై కిలోల మూటను రెండు చేతులతో తానే ఎత్తుకున్నారు. గోదారన్న కంగారుగా సాయం పోతే వద్దన్నారు. ఏ కాగితం మీదా సంతకం పెట్టనని ఆయనకు మాటిస్తున్నట్టు చెప్పమన్నారు (ఆమె ఉద్యోగమే సంతకాలు పెట్టడం). మామ తృప్తిగా తలూపాడు. ఆ రోజు ముగ్గురినీ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. చక్కెర వేయడం మరిచిపోయారు. మేము అడగలేదు.

జనవరి ఆఖరి వారంలో సర్కారు తెరిచారు. ఎవరు గెలిచారు మేడమ్ అని అడిగాను. ఎవరూ గెలవలేదు, మూడు వారాల తర్వాత మళ్ళీ కొట్లాడుకోవడానికి ఒప్పుకున్నారు అన్నారు. అంతమందిని అంతకాలం ఉసూరుమనిపించి తేల్చింది ఇదా అని నాకు కోపమొచ్చింది, కానీ నా కాంట్రాక్టు కాగితం కూడా వచ్చింది కాబట్టి మింగేశాను. మామ రోజూ సాయంత్రం ఒకటే అడిగేవాడు, అమ్మకు జీతమొచ్చిందా అని. వచ్చింది మామా, మొత్తం వచ్చింది అని చెప్పిన రోజు ఆయన ముఖం చూడాలి.

“సూసినవా, సంతకం వెట్టలే. వెడితె అయిపోవు” అన్నాడు.

ఆ ఏడాదంతా అమెరికా ఆమెకు జీతం ఇప్పించిన మనిషినని క్యాంపులో చెప్పుకున్నాడు. నేనూ గోదారన్నా ఒక్కసారీ కాదనలేదు. మేడమ్ రొట్టె మీద తొక్కు రాసుకుని తినడం నేర్చుకుని, ఆ తర్వాతి ఏడాది వేరే దేశానికి బదిలీ అయిపోయారు. మామ ఊరికి వెళ్ళిపోయాడు. నేను ఇప్పటికీ ఇక్కడే బండి నడుపుతున్నాను. ఒక బియ్యం మూటకు అంత వణికిపోయిన ఆ పిల్లవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త జాలీ కలుగుతుంది. మొన్న అమెరికా మళ్ళీ మూతపడిందని వార్తల్లో చెప్పిన రోజు మామ ఊరి నుంచి ఫోన్ చేశాడు. అమ్మకు జీతం మల్ల ఆగిందట గద, బియ్యం ముట్టచెప్పినవా అన్నాడు. ఆమె ఇప్పుడు ఏ దేశంలో ఉన్నారో నాకు తెలియదు. ముట్టినయ్ మామా, తొక్కు గూడ ఇచ్చిన అన్నాను.