దోర్నాలలో ఒక తెల్లపువ్వు

నల్లమలలో మోదుగు విరగబూసిందని మార్కాపురం మిత్రుడు ఉత్తరం రాసిన రోజు నుంచి నా కాళ్లు ఇంట్లో నిలవలేదు. గిద్దలూరులో నాటకాల తెరలకు బొమ్మలు వేయడం నా వృత్తి. ముక్కుమీద కోపం మనిషిని. కోపం తగ్గుతుందని ఎవరో చెబితే, రోజూ తెల్లవారగానే ఒక పువ్వును ఎదురుగా పెట్టుకుని, గంటసేపు నోరు మెదపకుండా దాన్నే చూస్తూ బొమ్మ వేయడం మొదలుపెట్టాను. ఆ గంటలో నా కోపం ఎటు పోతుందో నాకే తెలియదు. కానీ ఆరు నెలలైనా ఒక్క పువ్వుకూ ప్రాణం రాలేదు. అన్నీ తెరమీది పూలే! అడవిలో చెట్టు ముందే కూర్చుంటే వస్తుందని ఆశ.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు, ఉదయం ఆరు గంటల రైలు ఎక్కాను. పెట్టె నిండా శ్రీశైలం యాత్రికులే. ఈ రోజుల్లో వెళ్లదలచినవారు కంభంలో ఎక్కితే చోటు దొరుకుతుందని కలలు కనవద్దు. మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, జట్కాలో ఊళ్లోకి పోయి, ఇడ్లీలు తిని, పదిన్నరకు దోర్నాల బస్సు అందుకున్నాను. యుద్ధకాలం గనుక బొగ్గుతో నడిచే బస్సు. మిట్ట వచ్చినప్పుడల్లా దిగి తోశాం.

"మీరు రంగులపెట్టె మోయండి సార్, చాలు. బస్సును మేం మోస్తాం" అని డ్రైవరు సాయిబు ఎకసెక్కెం చేశాడు. మామూలుగానైతే కస్సుమనేవాణ్ణి. ఆ హుషారులో నేనూ నవ్వేశాను.

ఒంటిగంటకు దోర్నాల. హోటలు పందిట్లో భోంచేసి, పెట్టె తెరిచి కుంచెలు సర్దుకుంటున్నాను. పక్కన ఒక ముసలామె తడిగుడ్డ విప్పి నీళ్లు చిలకరిస్తోంది. లోపల ఒకే ఒక్క నందివర్ధనం, అప్పుడే విచ్చుకున్నది!

"అబ్బ, ఎంత బాగుందవ్వా!" అంటూ చటుక్కున తీసి వాసన చూశాను.

"అయ్యో నాయనా, ఎంత పని చేస్తివి!" అని ఆమె గుండె బాదుకుంది.

ఆమె పుల్లలచెరువు దిక్కు మనిషి. మంచినీళ్లకే కరువైన చోట, పాత్రలు కడిగిన నీళ్లు పోసి మూడేళ్లు సాకిన చెట్టట. తొలిపువ్వు మల్లన్నకని మొక్కుకుని, మొగ్గగా తెంపి తెచ్చింది.

"దావలో వాడిపోయినా పెడ్తా. వాసన జూసిన పువ్వు ఎట్ల పెట్టేది? ఎంగిలైపాయ గదా!"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. బుట్టెడు పూలు కొనిస్తానన్నాను.

"నీ బుట్ట నాకేందికి? అది నా చెట్టు పువ్వా?" అంది. తర్వాత నా రంగులవైపు చూసి, "బొమ్మలేసేటోడివా? అయితే దీన్నే వెయ్యి, మల్లన్నకు అదే పెడ్తా. కాయితం మీది పువ్వుకు ఎవరు ముక్కు పెడ్తారు?" అంది.

వాళ్ల గుంపు మూడింటికి అడవిదారి పట్టాలి. గంటన్నర కూడా లేదు. నీటిరంగుల్లో తెల్లపువ్వుకు తెల్లరంగు వాడకూడదు; కాగితాన్నే వదిలేసి, చుట్టూ నీడలు మాత్రం వేయాలి. కూర్చున్నాను. ఎవరో తగిలి నీళ్లు ఒలికిపోయాయి, పక్కన పిల్లలు కొట్టుకున్నారు. నాకు ఆ పువ్వు తప్ప ఏమీ కనిపించలేదు. అంచు ముడుచుకుంటే ముడతా వేశాను. ఒక రేకు మీద నా వేలు నొక్కిన చోట గోధుమరంగు మచ్చ తేలింది. అదీ వేశాను.

"లెయ్యే అవ్వా, పొద్దు పోతాంది!" అని వాళ్ల వాళ్లు కేకలేశారు.

ఆమె బొమ్మను చాలాసేపు చూసింది. "నీ వేలి గుర్తు గూడా పడిందే!"

"చెరిపేయనా అవ్వా?"

"ఉండనీ. ఇప్పుడది నా చెట్టు పువ్వే."

నిజం చెబుతున్నాను, ఇవ్వబుద్ధి కాలేదు. నా చేతిలో ప్రాణం పోసుకున్న మొదటి పువ్వు అది! ఇంకొకటి వేసుకునే వ్యవధి లేదు. ఆమె కొంగు పట్టింది, ఇచ్చేశాను. తడిగుడ్డలో కాదు, ఆరిన ఆకుల మధ్య పెట్టుకుని నడిచిపోయింది.

మర్నాడు పొద్దున మోదుగు చెట్టుకింద కూర్చున్నాను గానీ, కుంచె ముట్టలేదు. ఎర్రగా మండుతున్న కొమ్మలను ఊరికే చూశాను. చాలా హాయిగా ఉంది.

తిరుగు రైల్లో ఎదుటి ఆసామి, "ఏం బొమ్మలు తెచ్చినారు సార్?" అని అడిగాడు. ఒక్కటీ తేలేదని జరిగింది చెప్పాను.

"అభిషేకం నీళ్లు పడితే రంగు కరిగిపోదా?" అని ఆయన జాలిపడ్డాడు.

"కరగనీయండి. పువ్వన్నాక వాడదా?" అన్నాను.