గంప కింద పొయ్యి

పోలీసు చర్య తర్వాతి కరువు రోజుల్లో, కోస్తా నుంచి వచ్చిన ఒక బడిపంతులు కుటుంబానికి నేను అన్నం పెట్టి ఆదుకున్నానని మా ఇంట్లో చెప్పుకుంటారు. మొన్న మా అబ్బాయి తన స్నేహితులతో అదే అంటుంటే నా భార్య లేచి లోపలికి వెళ్లిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

సీతాఫల్‌మండిలో మా ఇంటి వెనక గదుల్లో ఆ క్రైస్తవ కుటుంబం అద్దెకు దిగింది. పంతులు, ఆయన భార్య, పళ్లు లేని తల్లి. బియ్యం కార్డు మీదే ఇచ్చేవారు. కార్డు లేని వాళ్లకు జొన్నలే గతి. వరి తప్ప ఎరగని ఆ ఇల్లాలు చన్నీళ్లతో పిండి కలిపేది; రొట్టె పెనం ఎక్కకముందే ముక్కలయ్యేది. "ఉడుకునీళ్లు పొయ్యాలె వదినా," అని నా భార్య నేర్పింది. కాని ముసలమ్మ రొట్టె నమలలేదు. అంబలి కాచినా కడుపులో నిలిచేది కాదు. రోజురోజుకూ చిక్కిపోతోంది.

అప్పట్లో పొయ్యికొక కార్డు. రేషన్ ఇన్‌స్పెక్టర్ పంతులు వాళ్ల పొయ్యి చూస్తే చాలు, వాళ్లకు బియ్యం వచ్చేవి. అయితే గొడవలప్పుడు మా అన్న, వదిన, అమ్మ ఊరికి వెళ్లిపోయినా వాళ్ల పేర్లు మా కార్డులోనే ఉన్నాయి. వాళ్ల వాటా మేమే తెచ్చుకుంటున్నాం. తనిఖీలో తలలు తగ్గితే ఆ పేర్లు కొట్టేస్తారు.

ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిసిన పొద్దున వెనక గదికి వెళ్లాను.

"పొయ్యి మీద గంప బోర్లించుండ్రి. మీ కార్డు సంగతి నేను మాట్లాడుత."

"మీరు చెప్పాక ఇంకేముందండీ," అని పంతులు భార్య గంప బోర్లించింది.

ఇన్‌స్పెక్టర్ తలలు లెక్కపెట్టాడు. "వీళ్లెవరు?"

"మా అన్నోళ్లు సాబ్. అన్న పనికి పోయిండు. గామె మా అమ్మ. అందరికీ ఒక్కటే పొయ్యి."

ఆయన ముసలమ్మను చూసి నవ్వాడు. "ఏందయ్యా, మీ అమ్మ గింత చిక్కింది? కోడండ్లు బువ్వ పెడ్తలేరా?"

నేనూ నవ్వాను. ముసలమ్మ నా మొహంలోకి చూసింది.

"పెడతారు బాబూ," అంది.

ఆ సాయంత్రం నా భార్య నన్నడగకుండా మెత్తగా అన్నం వండి పట్టుకెళ్లింది. ముసలమ్మ, "నీ పెనిమిటి అమ్మా అన్నాడుగా, తింటాను," అందట. మర్నాటి నుంచి బియ్యం కుండ ఉన్న గదికి నేనే తాళం వేశాను.

వాళ్లు కొద్దిరోజులకే మారేడ్‌పల్లికి మారిపోయారు. ముసలమ్మ ఏమైందో నేను అడగలేదు. మావాళ్లు చెప్పుకునే అన్నం ఆ ఒక్క పూటదే. అదీ నేను పెట్టింది కాదు.