పానా గారి గార్డియన్

నీళ్ల మోటార్లు బాగుచేసే ఆయన్ని ఊరంతా పానా అనే పిలిచేది. ఎంతటి బిగుసుకున్న నట్టయినా ఆయన చేతికి లొంగేది గానీ, చదువు పదో తరగతితోనే ఆగిపోయిందన్న దిగులు మాత్రం లొంగలేదు. నలభై ఎనిమిదో ఏట ఇంటర్ ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు. కూతురు చేరిన డిగ్రీ కాలేజీలో, ఆమె క్లాసులోనే సీటు తెచ్చుకున్నాడు.

కూతురు మూడు రోజులు అలిగి, నాలుగో రోజు షరతు పెట్టింది.

"గేటు దాటాక నువ్వెవరో నాకు తెలీదు."

"అలాగే తల్లీ. నువ్వెవరో నాకూ తెలీదు."

మాట తప్పలేదు పాపం. కాకపోతే ఆమె పక్కపిల్లతో గుసగుసలాడినప్పుడల్లా వెనక బెంచీలోంచి అలవాటుకొద్దీ దగ్గేవాడు. ఆమె నోరు టక్కున మూతపడేది. సంగతి తెలియని పిల్లలు పెద్దాయనకు దగ్గు తగ్గడం లేదని జాలిపడి బిళ్లలు తెచ్చిచ్చేవారు.

రెండో నెలలో హాస్టల్ మోటారు మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగు వింటూ పానా బెంచీ మీద కుదురుగా కూర్చోలేకపోయాడు. వరసగా మూడు రోజులు ఫిజిక్సు క్లాసు ఎగ్గొట్టి మోటారు విప్పుకు కూర్చున్నాడు. నాలుగో రోజు గ్రీజు చేతులతో వస్తుంటే, ఆయనకన్నా ఇరవై ఏళ్లు చిన్నదైన ఫిజిక్సు మేడం గుమ్మంలోనే ఆపేసింది.

"ఇంట్లో పెద్దవాళ్లని తీసుకొస్తేనే లోపలికి రానిస్తాను."

"మా ఇంట్లో పెద్దవాణ్ణి నేనే మేడం."

"రూలు రూలే. ఎవరో ఒకరొచ్చి సంతకం పెట్టాలి."

కూతురు పుస్తకంలో తల దూర్చేసింది. పానా ఆమె వైపు చూడనైనా చూడకుండా, "అయితే ఇక రాలేనేమో మేడం," అని వెనుదిరిగాడు. ఆమె గభాలున లేచింది.

"నేనున్నాను మేడం. ఆయన మా నాన్న."

క్లాసు గొల్లుమంది. ఎలాగూ పరువు పోయింది కదాని ఆమె చెలరేగింది. "ఇంట్లోనూ ఇంతే మేడం! ఎక్కడ మోటారు చప్పుడైతే అక్కడికి పోతాడు. మీరే కాస్త భయం చెప్పండి!"

పానా తలొంచుకుని నిలబడ్డాడు. మేడం నవ్వు ఆపుకుంటూ రిజిస్టరు జరిపింది. విద్యార్థికి ఏమవుతారు అన్నచోట 'కూతురు' అని రాసి, పిల్ల సంతకం గీకింది.

ఆ ఏడు పానా లెక్కల్లో తప్పాడు. కూతురు వేసవంతా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. మళ్లీ రాస్తే ఆమెకన్నా రెండు మార్కులు ఎక్కువే వచ్చాయి.

"చెప్పింది నేనైతే, నాకన్నా నీకెలా వచ్చాయి?"

"నీకు చెప్పింది లెక్చరరు. నాకు చెప్పింది నువ్వు."

కోప్పడాలో మురిసిపోవాలో తేల్చుకోలేక, మార్కుల కాగితం లాక్కుని, అమ్మకు చూపిద్దామని వంటింట్లోకి పరుగెత్తింది.